మాండోవి నది మీద ఒక కాసినో రాత్రి: ఓడ మీది మర్యాదలు, ఒడ్డు మీది లెక్కలు

సంక్రాంతి వెళ్ళిన మరుసటి వారం మా బావమరిది, భీమవరంలో అతనితో కలిసి చదువుకున్న ముగ్గురు మిత్రులు గోవా ప్రయాణం పెట్టుకుని నన్ను కూడా రమ్మన్నారు. నాకు జూదం మీద ఎప్పుడూ ఆసక్తి లేదు. అయితే బ్యాంకులో అప్పుల విభాగంలో ముప్పై ఏళ్ళు పనిచేసిన కాలంలో, పేకాటలో పోయిన సొమ్ము కోసం కాగితాల మీద గేదెలుగా, ఎరువులుగా, కూతురి పెళ్ళిగా మారిన అప్పులను చాలానే చూశాను. చట్టం చాటుగా నడిచే జూదం పర్యవసానం తెలిసిన వాడిని కాబట్టి, చట్టమే అనుమతించిన జూదం ఎలా నడుస్తుందో ఒకసారి కళ్ళారా చూద్దామని బయలుదేరాను. మేము వెళ్ళిన ఓడ పేరు ఇక్కడ రాయడం లేదు. గోవా రాజధాని పనాజీ ఎదురుగా మాండోవి నదిలో లంగరు వేసి ఉన్న ఓడల మధ్య తేడా దీపాల రంగులో, భోజనపు బల్ల పొడవులో ఉంటుందే తప్ప పద్ధతిలో ఉండదు. పైగా నేను సమీక్షించదలచుకున్నది ఒక సంస్థను కాదు, ఒక ప్రభుత్వం లైసెన్సు ఇచ్చి నడిపిస్తున్న ఒక సేవను.

ముందుగా సేవ సంగతి చెప్పాలి. నది ఒడ్డున ఉన్న కార్యాలయంలో మనిషికి మూడు వేల రూపాయల పైచిలుకు చెల్లించి ప్యాకేజీ తీసుకున్నాము. శుక్ర, శని, ఆదివారాల్లో ధర ఇంకా ఎక్కువ. అందులోనే భోజనం, మద్యం, వినోద కార్యక్రమం, డబ్బుకు బదులు బల్ల మీద పెట్టి ఆడే బిళ్ళలు, అంటే చిప్పులు, కొన్ని కలిసి ఉంటాయి. ఇరవై ఒక్క ఏళ్ళు నిండని వారికి ఆట గదుల్లోకి ప్రవేశం లేదు. మగవారు నిక్కర్లు, రబ్బరు చెప్పులు వేసుకుని వస్తే వెనక్కి పంపేస్తారు. మా బృందంలో ఒకరు పక్క వీధిలోకి వెళ్ళి అప్పటికప్పుడు బూట్లు కొనుక్కోవలసి వచ్చింది. ఆధార్ కార్డు చూసి, ఫోటో తీసుకుని, చేతికి పట్టీ కట్టి, చిన్న పడవలో ఓడ దగ్గరికి చేర్చారు. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కడా తోపులాట గానీ విసుగు గానీ కనిపించలేదు. మన ఊళ్ళలో పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో కూడా ఇంత క్రమమైన వరుస నేను చూడలేదు.

లోపల మర్యాదకు లోటు లేదు. నీళ్ళ గ్లాసు ఖాళీ అయ్యేలోపు మరొకటి వస్తుంది, మద్యం గ్లాసు అంతకంటే త్వరగా వస్తుంది. డీలర్లుగా పనిచేసే అమ్మాయిలు, అబ్బాయిలు చాలా ఓపికగా ఆట నేర్పుతారు. మా బల్ల దగ్గర ఉన్న అమ్మాయికి "లోన", "బయట" అనే పేకాట మాటలు తెలుగులో వచ్చు. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడిగితే, ఇక్కడే, మీ వాళ్ళ దగ్గరే అని నవ్వింది. భోజనం విషయంలో మాత్రం నా అసంతృప్తిని దాచుకోలేను. ముప్పై రకాలు పెట్టారు గానీ, చేపలకు పేరుపడిన ఊళ్ళో, నది మీద కూర్చుని తిన్న చేపల పులుసులో చేప ఉన్నట్టు నాలుకకు తెలియలేదు. పనీరు, కోడి కూర, బిర్యానీ ఏ హైవే హోటల్లో అయినా దొరికేవే. తినడం కోసం ఇక్కడికి ఎవరూ రారు, ఆ సంగతి వండేవారికి కూడా తెలుసు.

ప్యాకేజీతో పాటు ఇచ్చే చిప్పుల గురించి కౌంటర్లో సరిగ్గా చెప్పకపోవడం నాకు నచ్చని మరో విషయం. అవి ఒక్కసారి ఆడడానికే పనికివస్తాయి. గెలిస్తే గెలుపు మొత్తం నగదుగా మార్చుకోదగిన చిప్పుల్లో ఇస్తారు గానీ, ఆ ఉచిత చిప్పును మాత్రం ఎక్కడా డబ్బుగా మార్చుకోలేము. మూడు వేలు కట్టాము, అందులో సగానికి పైగా తిరిగి వచ్చినట్టే కదా అనుకున్న మా మిత్రుడు ఆ సంగతి నగదు కిటికీ దగ్గర తెలుసుకుని చాలాసేపు వాదించాడు. ఆ నిబంధన రసీదు వెనుక చిన్న అక్షరాల్లో ఉంది, కాబట్టి మోసం అని అనలేను. రసీదు వెనుక చదివే అలవాటు బ్యాంకు ఉద్యోగులకు ఉన్నంతగా మిగతావారికి ఉండదని వారికి కూడా తెలిసే ఉంటుంది.

ఇక ఆటలు. రూలెట్ అంటే తిరిగే చక్రంలో గోళీ ఏ గడిలో ఆగుతుందో పందెం కాసే ఆట. ఆ చక్రంలో 37 గడులు ఉంటాయి, ఒకటి నుంచి ముప్పై ఆరు వరకు అంకెలు, ఒక సున్నా. ఒక అంకె మీద రూపాయి పెట్టి గెలిస్తే ముప్పై అయిదు రూపాయలు, పెట్టిన రూపాయి కలిపి ముప్పై ఆరు చేతికి వస్తాయి. అన్ని గడుల మీదా తలా ఒక రూపాయి పెట్టినవాడికి 37 రూపాయలు ఖర్చయి 36 తిరిగి వస్తాయి. కాసినో ఆదాయమంతా ఆ ఒక్క రూపాయిలోనే ఉంది. మోసంతో పని లేదు, చక్రానికి అయస్కాంతాలు అక్కర్లేదు. నూటికి రెండు రూపాయల డెబ్బై పైసలు చాలా తక్కువగానే కనిపిస్తుంది. కానీ అది ఆట ఆటకూ తెగే మొత్తం. గంటకు నలభై ఆటల చొప్పున, ఆటకు అయిదు వందలు పెడుతూ అయిదు గంటలు కూర్చున్నవాడు తనకు తెలియకుండానే లక్ష రూపాయల పందెం కాసినట్టు. సగటున అతని జేబులో రెండు వేల ఏడు వందలు తగ్గుతాయి. సగటు అని ఎందుకు అంటున్నానంటే, ఆ రాత్రి పద్నాలుగు వేలు గెలిచినవారు కూడా మా బల్ల దగ్గరే ఉన్నారు. మరునాడు ఊళ్ళో కథలుగా చెప్పుకునేది ఆ పద్నాలుగు వేల గురించే.

అయితే మన వాళ్ళు ఎక్కువగా గుమిగూడింది రూలెట్ దగ్గర కాదు, లోనా బయట దగ్గర, మూడు ముక్కలాట దగ్గర. ఇక్కడ ఒక చిత్రమైన విషయం గుర్తు చేసుకోవాలి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడిన వ్యవహారం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ, సత్యనారాయణ అనే వ్యక్తికీ మధ్య కేసుగా సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. 1968లో ఇచ్చిన తీర్పులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అనీ, మూడు ముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టం మీద నడిచేదనీ న్యాయస్థానం తేల్చి చెప్పింది. దేశమంతటా జూదం కేసుల్లో నేటికీ ఉదహరించే ఆ తీర్పు పుట్టింది మన గడ్డ మీది తగాదాలోంచే. యాభై ఏళ్ళు దాటిన తర్వాత మన వాళ్ళే రైలెక్కి వచ్చి, ఆ తీర్పు నైపుణ్యం లేనిదని చెప్పిన ఆటనే ఎంచుకుని, తమ నైపుణ్యం గురించి ఒకరికొకరు చెప్పుకోవడం వింటూ కూర్చున్నాను.

పన్నెండున్నరకు వెళ్ళిపోదామని ముందే అనుకున్నాము. ఆట గదుల్లో గోడ గడియారం లేదు, బయటి వెలుతురు కనిపించే కిటికీ లేదు. "బావా, ఇంకొక్క అరగంట" అని మా బావమరిది మొదటిసారి అన్నది ఒంటి గంటకు, చివరిసారి అన్నది తెల్లవారుజామున మూడున్నరకు. అతను ఎంత పోగొట్టుకున్నాడో ఇక్కడ రాస్తే మా చెల్లెలు చదువుతుంది.

ఈ సేవ గురించి అందరికంటే నిక్కచ్చిగా తీర్పు చెప్పింది మాత్రం గోవా ప్రభుత్వమే. 2020 ఫిబ్రవరి 1 నుంచి గోవా వాసులకు కాసినోల్లో ఆడడానికి ప్రవేశం లేదని ముఖ్యమంత్రి ప్రమోద్ సావంత్ ప్రకటించారు. ఆ నిబంధన పాటించేలా చూడడానికి పన్నుల శాఖ కమిషనర్‌కే గేమింగ్ కమిషనర్ బాధ్యత కూడా అప్పగించారు. అంటే ప్రవేశద్వారం దగ్గర మా ఆధార్ కార్డుల మీద వాళ్ళు చూసింది వయసు ఒక్కటే కాదు, చిరునామా కూడా. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చిరునామాలు కనిపించగానే దారి ఇచ్చారు. నేపాల్ కూడా ఇదే పద్ధతి పాటిస్తుంది, ఖాట్మండు కాసినోల్లోకి నేపాలీ పౌరులకు ప్రవేశం లేదు. ఒక హోటలు యజమాని తన పిల్లలను అక్కడి వంట ముట్టుకోనివ్వకుండా, దారిన పోయేవారికి మాత్రం ఆప్యాయంగా వడ్డిస్తున్నాడని తెలిస్తే ఆ హోటలు గురించి మనం ఏమనుకుంటాము? అలా చేయడంలో గోవా ప్రభుత్వం తెలివితక్కువగా ప్రవర్తించిందని నేను అనడం లేదు. తన ప్రజల పట్ల బాధ్యతగానే ప్రవర్తించింది. ఆ బాధ్యత సరిహద్దు దగ్గర ఆగిపోయిందన్నదే గమనించవలసిన విషయం.

ఈ ఏర్పాటు ఒక్క రోజులో పుట్టింది కాదు. 1976లో వచ్చిన గోవా, డామన్, డయ్యూ జూద నిరోధక చట్టం పేరుకు తగ్గట్టే జూదాన్ని నిషేధించడానికి పుట్టింది. 1992లో చేసిన సవరణతో అయిదు నక్షత్రాల హోటళ్ళలో యంత్రాల మీద ఆడే ఆటలకు తలుపు తెరిచారు. 1996లో మరో సవరణ చేసి, ఓడల మీద మనిషి ముక్కలు పంచే బల్లలకు కూడా అనుమతి ఇచ్చారు. అందుకే నేటికీ గోవాలో ఒడ్డు మీద యంత్రం, నీటి మీద మనిషి అన్న వింత విభజన కొనసాగుతోంది. నీటి మీద అన్నప్పుడు సముద్రంలో ఎక్కడో దూరంగా అని అర్థం వస్తుంది గానీ, నిజానికి ఆ ఓడలు ఉన్నది పనాజీ నడిబొడ్డుకు ఎదురుగా, పాత సచివాలయ భవనం మెట్ల మీంచి చూస్తే డెక్కు మీది మనుషులు కనిపించేటంత దగ్గరలో. పడుకునే ఊరి కళ్ళ ముందు తెల్లవార్లూ రంగుదీపాలు వెలుగుతూనే ఉంటాయి.

మరునాడు ఆ ఊరిని ఒడ్డు వైపు నుంచి చూడాలని నేను ఒక్కడినే బయటికి వచ్చాను. మమ్మల్ని తిప్పిన టాక్సీ డ్రైవరు పనాజీ వాడు. కాసినోలు మూసేస్తే నీకు నష్టమా అని అడిగితే, వెంటనే అవునన్నాడు. రాత్రి బేరాలన్నీ వాటివే. అతని మేనకోడలు కూడా ఒక ఓడ మీద వంటశాలలో లెక్కలు రాస్తుంది. ఆ తర్వాత కాసేపు ఆగి, సాయంత్రం ఆరు దాటితే నది పక్క రోడ్డు మీద బండి పెట్టుకోవడానికి చోటు దొరకదనీ, తన తల్లి ఆ గట్టున నడవడం ఎప్పుడో మానేసిందనీ చెప్పాడు. రెండు మాటలూ ఒకే మనిషివి, రెండూ నిజమే. కాసినోల గురించి రాసేవారు ఉద్యోగాలన్నా లెక్కపెడతారు, లేదా ఉసురన్నా లెక్కపెడతారు. ఊళ్ళో బతికే మనిషి రెంటినీ ఒకే జేబులో పెట్టుకుని తిరుగుతాడు.

ఊరి వ్యాపారానికి కాసినో ఎంత మేలు చేస్తుందన్న ప్రశ్నకు జవాబు ప్యాకేజీలోనే ఉంది. భోజనం, మద్యం, పాట, ఆట అన్నీ టికెట్టులోనే కలిపి ఓడ మీద పెట్టినప్పుడు, సాయంత్రం ఏడు నుంచి తెల్లవారుజాము వరకు ఆ మనిషి ఒడ్డున ఉన్న చిన్న హోటల్లో చేపల కూర తినడు, దుకాణంలో జీడిపప్పు కొనడు. మేము అయిదుగురం పనాజీలో రెండు రాత్రులు ఉండి, ఊరి దుకాణాల్లో ఖర్చు పెట్టింది టాక్సీ, గది అద్దె పోను, అవసరం కొద్దీ కొన్న ఆ బూట్లే. అమెరికాలో అట్లాంటిక్ సిటీ కథ కూడా ఇదే దారిలో నడిచింది. ఆ రాష్ట్రమైన న్యూజెర్సీలో మన వాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు కాబట్టి చాలామందికి చూసిన ఊరే. కళ తప్పిన సముద్రతీరపు పట్టణానికి మళ్ళీ ప్రాణం పోస్తామని చెప్పి 1976లో ప్రజల ఓటుతో కాసినోలకు అనుమతి తెచ్చుకున్నారు, 1978లో మొదటిది తెరుచుకుంది. కాసినోలు భవనాల లోపల వెలిగిపోయాయి. వాటి వెనుక వీధులు మాత్రం అలాగే ఉండిపోయాయి. పక్క రాష్ట్రాలు కూడా కాసినోలు తెరిచాక పోటీ పెరిగి, 2014 ఒక్క ఏడాదిలోనే అక్కడ నాలుగు కాసినోలు మూతపడి వేలాది మంది ఉద్యోగాలు పోయాయి. ఇతర ఊళ్ళలో లేకపోవడమే కాసినో ఊరి పెట్టుబడి. ఆ లేకపోవడం ఎంతకాలం ఉంటుందో ఆ ఊరి చేతిలో ఉండదు.

గోవాకు ఆ బెంగ మరీ ఎక్కువగా ఉండాలి. 2012లో ఒకసారి, 2018లో సుప్రీంకోర్టు 88 లీజులను కొట్టివేసినప్పుడు మరొకసారి ఇనుప ఖనిజపు తవ్వకాలు ఆగిపోయాక, ప్రభుత్వ ఖజానాకు కాసినోల లైసెన్సు రుసుము, పన్నులు మరింత అవసరమయ్యాయి. ఆదాయం అలవాటయ్యాక దాన్ని వదులుకోవడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు కాసినోలను వ్యతిరేకించిన పార్టీలు అధికారంలోకి వచ్చాక గడువు పొడిగిస్తూ పోవడం అక్కడి జనం ఎన్నోసార్లు చూశారు. ఓడలను నదిలోంచి తరలిస్తామన్న మాట ఏళ్ళ తరబడి వినబడుతూనే ఉంది, ఓడలు మాత్రం కదలలేదు. తరలింపు మాట నడుస్తున్న ఆ రోజుల్లోనే, 2017 జూలైలో, నదిలోకి కొత్తగా లాక్కొస్తున్న ఒక కాసినో ఓడ మీరామార్ బీచి దగ్గర ఇసుకలో కూరుకుపోయి, వానాకాలమంతా అక్కడే ఒరిగి ఉండిపోయింది.

ఇంతకీ జూదం వల్ల దెబ్బతినే స్థానిక సమాజం ఏది? ఈ ప్రశ్న దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. గోవా వాసులను లోపలికి రానివ్వకపోవడం వల్ల పనాజీకి మిగిలేది రద్దీ, వెలుగు, చప్పుడు, మురుగు. పోయిన డబ్బు తాలూకు కష్టం అక్కడ ఉండదు, అది సికింద్రాబాద్ రైలెక్కి మనతో పాటు వచ్చేస్తుంది. కుదువ పెట్టిన నగ భీమవరంలోనిది, ఆగిపోయిన కాలేజీ ఫీజు గుంటూరులోనిది, వాయిదాలు తప్పిన కారు కూకట్‌పల్లిలోనిది. పన్ను మాత్రం ఆడిన చోటికే వెళుతుంది. 2023 అక్టోబరు 1 నుంచి చిప్పులు కొన్న మొత్తం మీద 28 శాతంగా ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం చేశారు. అందులో రాష్ట్రాల వాటా గోవాకు చెందుతుంది. తాగుడు, జూదం మాన్పించే వైద్య కేంద్రానికి ఆ మనిషిని తీసుకువెళ్ళే ఖర్చు మాత్రం మన రాష్ట్రాలదీ, మన ఇళ్ళదీ. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ 2025లో పార్లమెంటే చట్టం చేసి నిషేధించింది. ఓడల జోలికి ఆ చట్టం రాదు. ఫోన్లో తలుపు మూసుకుపోయిన చోట రైలు టికెట్టుకు గిరాకీ పెరుగుతుందేమో అన్నది నా అనుమానం.

సింగపూర్ ఈ విషయంలో మరో దారి పట్టింది. 2010లో రెండు కాసినోలు తెరిచినప్పుడు సొంత పౌరులను నిషేధించకుండా, లోపలికి వెళ్ళాలంటే రోజుకు వంద సింగపూర్ డాలర్లు కట్టాలన్నారు. 2019లో దాన్ని నూట యాభై చేశారు. విదేశీయులకు ఆ రుసుము లేదు. ఇంట్లో వాళ్ళు దరఖాస్తు పెట్టుకుంటే, ఆ కుటుంబ సభ్యుణ్ణి కాసినోలోకి రానివ్వకుండా ఆపే అధికారం అక్కడి జూద సమస్యల మండలికి ఉంది. మా చెల్లెలి లాంటి వారి చేతిలో అలాంటి కాగితం ఒకటి ఉంటే బాగుండునని ఆ తెల్లవారుజామున అనిపించింది. విజయవాడలో కూర్చున్న ఇల్లాలు ఏ రాష్ట్రం కౌంటర్లో ఆ దరఖాస్తు ఇవ్వాలి?

మన దగ్గర కూడా పెట్టేస్తే పోలేదా, ఆ డబ్బు మన దగ్గరే ఉంటుంది కదా అని తిరుగు ప్రయాణంలో మిత్రులు వాదించారు. సంక్రాంతి బరుల సంగతి తెలిసిన వారు కాబట్టి వారి వాదనకు బలం ఉంది. చట్టం ఒప్పుకోకపోయినా గోదావరి జిల్లాల్లో కోడి పందేలు, గుండాటలు, టెంట్లు, దీపాలు అందరి కళ్ళ ముందే నడుస్తాయి. 2022 సంక్రాంతికి గుడివాడలో ఏకంగా కాసినో పెట్టారన్న ఆరోపణలు రాష్ట్రమంతా మారుమోగాయి. ఎలాగూ ఆగనిదాన్ని లెక్కల్లోకి తెస్తే తప్పేమిటన్నది వారి ప్రశ్న. నా జవాబు ఒక్కటే. బరి మూడు రోజులే ఉంటుంది. ముక్కనుమ నాటికి టెంటు విప్పేస్తారు, చేలో మళ్ళీ నీళ్ళు పెడతారు, పోగొట్టుకున్నవాడు ఏడాది పాటు తలొంచుకుని తిరుగుతాడు. లైసెన్సు తీసుకున్న ఓడకు కనుమ లేదు, ముక్కనుమ లేదు. ఏడాదికి కోట్ల రూపాయల రుసుము కట్టిన సంస్థ, రోజూ మనుషులు రాకపోతే ఆ రుసుము రాబట్టుకోలేదు. అదే ఊళ్ళో, అదే మనుషులు రోజూ రావాలంటే ఏమవుతుందో గోవా ప్రభుత్వానికి తెలుసు కాబట్టే ఆధార్ మీది చిరునామా చూస్తోంది.

వెళ్ళదలచుకున్నవారికి నా సలహాలు కొన్ని ఉన్నాయి. వారం మధ్యలో వెళితే టికెట్టు తక్కువ, బల్లల దగ్గర జనం కూడా తక్కువ. పోయినా పరవాలేదనుకున్న మొత్తాన్ని నగదుగా తీసుకుని, కార్డులు, ఫోనులోని చెల్లింపు యాప్‌లు గదిలోనే వదిలి వెళ్ళడం మంచిది. భోజనం ఒడ్డునే ముగించి వెళ్ళండి, ఊరి వంటకు రుచీ ఎక్కువే, ఆ డబ్బు ఊరికే చేరుతుంది. చేతి గడియారం మరిచిపోవద్దు. తిరిగి వెళ్ళే చిన్న పడవ వెంటవెంటనే వస్తుందని చెప్పారు గానీ, మేము బయటికి వచ్చాక దాదాపు నలభై నిమిషాలు చలిగాలిలో నిలబడ్డాము. లోపలికి తీసుకువెళ్ళేటప్పుడు మాత్రం అయిదు నిమిషాలు కూడా ఆలస్యం కాలేదు.

ఆ కాసినో జెట్టీలకు కాస్త పక్కనే, నది అవతలి ఒడ్డున ఉన్న బేతీం ఊరికి వెళ్ళే ప్రభుత్వ ఫెర్రీ ఆగుతుంది. నడిచి ఎక్కేవారికి టికెట్టు లేదు. మరునాడు సాయంత్రం అందులో ఎక్కాను. స్కూలు సంచులతో పిల్లలు, ఖాళీ చేపల బుట్టలతో ఇద్దరు ఆడవాళ్ళు, సైకిలు పట్టుకున్న ఒక ముసలాయన ఉన్నారు. అప్పుడే దీపాలు వెలిగిస్తున్న ఓడల పక్క నుంచే ఫెర్రీ సాగింది. నేను తప్ప ఎవరూ అటు చూడలేదు.